లేసు పీరియడు

ఆవిడ గురించి ఎప్పుడో రాయాల్సింది. రాయలేకపోయాను. మొదట్లో కారణం చిన్నది, నాకు రాయడం రాదు. ముప్పై అయిదేళ్ళు దాటేదాకా నాకు అక్షరాలు తెలియవు. తరవాత అక్షరాలు వచ్చాయి, అయినా రాయలేదు, ఎందుకంటే ఆవిడ బతికే ఉంది. నేను రాసింది ఎలాగో అలాగ ఆవిడ చేతికి వెళ్తుందనీ, ఎర్ర పెన్ను తీసి తప్పుల కింద సన్నగా గీతలు గీసి, చివర్లో ‘బాగుందండీ’ అని రాస్తుందనీ భయం. ఆ ‘బాగుందండీ’ని నేను భరించలేను. పోయిన నెలలో ఆవిడ పోయింది. ఇప్పుడు దిద్దేవాళ్ళు లేరు. తప్పులుంటే ఉంటాయి.

సంగతి మా అమ్మాయి ఫోనులో చెప్పింది. అది ఇప్పుడు తణుకు దగ్గర ఒక బళ్ళో టీచరు. “క్రాఫ్ట్ మేడమ్ గారు పోయారమ్మా” అని ఇంక మాట్లాడలేకపోయింది. వెక్కిళ్ళు. వాళ్ళ నాన్న పోయినప్పుడు కూడా అది అంతలా ఏడవలేదు. నాకు మొట్టమొదట కలిగింది జాలి కాదు. నేను పోయిననాడు ఇది ఇలా ఏడుస్తుందా అన్న ఆలోచన వచ్చింది.

మా ఊరు నరసాపురం దగ్గర. ఆ చుట్టుపక్కల ఆడవాళ్ళం ఇంటిపని అయ్యాక అరుగుల మీద కూచుని లేసు అల్లుతాం. ఏజెంటు దారం ఉండలు ఇచ్చి వెళ్తాడు, అల్లినవి పట్టుకుపోతాడు. వాటిని ఏ దేశంలో ఏ బల్ల మీద పరుస్తారో మాకు తెలియదు. నా ఏడో ఏట మా అమ్మ నా చేతిలో కొక్కెం సూది పెట్టింది. పలక పెట్టలేదు. అందుకని నా కూతురి చేతికి పలకే తప్ప సూది రానివ్వకూడదని గట్టిగా అనుకున్నాను. అది పక్కన కూచుని దారం ఉండతో ఆడుకున్నా లాక్కునేదాన్ని.

అది ఎనిమిదో తరగతిలో ఉండగా ఒక సాయంత్రం వచ్చి, “అమ్మా, రేపట్నించి మాకు బళ్ళో లేసు పీరియడు. సూదీ దారం తెచ్చుకోమన్నారు” అంది.

మర్నాడు నేను చీర మార్చుకుని బడికి వెళ్ళాను. హెడ్మాష్టారు గారు మంచివారే. కుర్చీ చూపించారు గానీ నేను కూచోలేదు.

“నా కూతుర్ని లేసు అల్లడానికి పంపలేదండి బడికి. అల్లేదే అయితే ఇంటి దగ్గరే అల్లును కదండి.”

“నా చేతిలో ఏముందమ్మా? పైనుంచి సర్క్యులర్ వచ్చింది. ప్రతి హైస్కూల్లోనూ చేతిపని ఒకటి నేర్పాలి, అది ఆ ఊళ్ళో ఉన్న పనే అయ్యుండాలి అని. ‘ఏ పని?’ అని కాగితంలో ఖాళీ పెట్టారు. మన ఊళ్ళో ఇంకేం పనుంది? లేసు అని నింపాను.”

“మీరు నింపేస్తే పిల్లలు అల్లేయాలా అండి?”

“నేను నింపాను, డీఈవో ఆఫీసు వాళ్ళు ఒప్పుకున్నారు. ఇంక అదీ లెక్కలూ సైన్సులాంటిదే. ఏడాది చివర మార్కుల కాగితం పైకి వెళ్ళాలి. వెళ్ళకపోతే నాకు మెమో వస్తుంది.”

అప్పుడు నా వెనక నుంచి మెత్తటి గొంతు ఒకటి వినిపించింది. “టైంటేబుల్‌లో ఉందండీ.”

ఆవిడని నేను చూడడం అదే మొదలు. సన్నగా, పొడుగ్గా, గంజిపెట్టిన నేత చీరలో నిలబడి ఉంది. బొడ్డు దగ్గర తెల్ల చేతిరుమాలు దోపుకుంది. హాజరు రిజిస్టరు గుండెకి ఆనించుకుని, రెండు చేతులూ దాని మీద అడ్డంగా వేసి పట్టుకుంది, చంటిపిల్లని పట్టుకున్నట్టు. ఆ టైంటేబుల్ అనే మాట అనేటప్పుడు ఆవిడ కళ్ళు కొంచెం కిందికి వాలేవి. దేవుడి పేరు చెప్తున్నట్టుండేది.

ఆవిడది రాజమండ్రి. మిషను కుట్టు, ఎంబ్రాయిడరీ పరీక్షలు పాసై ఉద్యోగంలోకి వచ్చిన మనిషి. లేసు అనేది ఒకటుందని ఆవిడకి సర్క్యులరే చెప్పింది. సూది పట్టుకోవడం కూడా రాదు. ఆ మాట దాచకుండా నాతోనే చెప్పింది.

“నాకు రాదండీ. మీ వేళ్ళు చూస్తే తెలుస్తోంది, మీకు వచ్చని. మీరొచ్చి నేర్పండి. పిల్లలకీ, నాకూ.”

“నాకు అక్షరం ముక్క రాదండి. బళ్ళో నేనేం చేస్తాను?”

“అయితే నేను మీకు నేర్పుతానండీ. ఇంటర్వెల్లులో మీరు నాకు లేసు, నేను మీకు అక్షరాలు.”

పోట్లాడదామని వెళ్ళినదాన్ని, తల ఊపి వచ్చాను. అక్షరాలు అనేసరికి నాకు కాళ్ళు ఆగిపోయాయి.

అలా వారానికి రెండు రోజులు నేను బడికి వెళ్ళాను. రిజిస్టరులో నా పేరు లేదు. ఒకసారి అడిగాను. ఆవిడ పేజీ తిప్పి చూపించి, “మీకు గడి లేదండీ. పిల్లలకి ఉంది, టీచరుకి ఉంది. మధ్యలో వాళ్ళకి గియ్యలేదు” అంది. నిజంగానే బాధపడుతూ చెప్పింది. బాధపడడం కూడా ఎంత చక్కగా పడేదో.

ఆవిడ అందరినీ ‘అండీ’ అనేది. పిల్లల్ని, ఆయాని, గేటులోంచి దూరిన మేకని కూడా. “బయటికి వెళ్ళండీ, పీరియడు నడుస్తోంది” అని మేకతో అంటే పిల్లలు పడీపడీ నవ్వేవారు. కుర్చీలో కూచునే ముందు చేతిరుమాలుతో రెండుసార్లు తుడిచేది, దుమ్ము ఉన్నా లేకపోయినా. దారం పళ్ళతో కొరక్కూడదని పిల్లలకి చెప్పి, వాళ్ళు అటు తిరగ్గానే తను కొరికేది. ఇంకో మాట ఉండేది ఆవిడకి: “నేర్చుకునేవాళ్ళు పక్కవాళ్ళ పలకలోకి చూడకూడదండీ.” రోజుకి పదిసార్లయినా అనేది.

లెక్కల మాష్టారు గారు ఊరుకునేవారు కాదు. పరీక్షలు దగ్గర పడుతున్నాయంటూ ప్రతి వారం మా గది గుమ్మంలోకి వచ్చేవారు.

“మేడమ్ గారూ, ఈ ఒక్క పీరియడు నాకిచ్చేయండి. లేసు అల్లితే లెక్కలొస్తాయా?”

ఆవిడ లేచి, గోడకి అంటించిన కాగితం దగ్గరికి వెళ్ళి, గడి మీద వేలు పెట్టేది. “టైంటేబుల్‌లో ఉందండీ.”

“ఎవరు చూడొచ్చారండీ? ఏ ఊళ్ళో అయినా డ్రాయింగు పీరియడు, ఆటల పీరియడు మేమేగా వాడుకునేది!”

“అందుకేనండీ ఇవ్వనిది. ఒకసారి ఇస్తే ఇది పీరియడు కాదు, ఖాళీ అయిపోతుంది.” తరవాత నవ్వి, “అయినా లెక్క రాకపోతే లేసు రాదట కదండీ మాష్టారూ” అని నావైపు చూసేది.

ఆ మాటకి నా చెవులు కాలేవి. ఎందుకో చెప్తాను.

ఆవిడ నాకు అక్షరాలు నిజాయితీగా నేర్పింది. మొదటి రోజు అ, ఆలు కాదు. పలక మీద గబగబా ఏదో రాసి నా ముందు పెట్టి, “ఇది మీరేనండీ” అంది. నా పేరు. అన్నేళ్ళుగా నేను మోస్తున్న పేరు, ఆవిడ సుద్దముక్కలోంచి ఒక్క క్షణంలో వచ్చేసింది. సంతోషపడాలి కదా. నాకు కడుపు మండింది. నాది నా దగ్గర లేదు, ఆవిడ దగ్గర ఉంది అనిపించింది.

ఇంట్లో అంతకంటే పెద్ద మంట. మా అమ్మాయి చేతిరుమాలు అడిగింది, బొడ్డు దగ్గర దోపుకోవడానికి. పీట మీద కూచునే ముందు తుడిచేది. “అలా అరవకమ్మా, మేడమ్ గారు ఎప్పుడూ అరవరు” అనేది. మేడమ్ గారి డబ్బాలో పులిహోర మన పులిహోరలా ఉండదట, ఆవపెట్టి కలుపుతారట. ఒకరోజు జడ వేస్తుంటే, “మేడమ్ గారు మా అమ్మయితే ఎంత బాగుణ్ణో అని మా క్లాసులో అందరూ అనుకుంటాం” అంది. అందరూ అంటూ తన పేరు అందులో దాచేసింది. నేను జడ గట్టిగా లాగాను. “అబ్బా” అంది. అప్పటికీ నా మంట చల్లారలేదు.

లేసులో గుండ్రంగా అల్లేటప్పుడు ఒక సంగతి ఉంది. నడిమి నుంచి మొదలుపెట్టి చుట్టు మీద చుట్టు వేసుకుపోతాం. ప్రతి చుట్టులోనూ ముందు చుట్టు కన్నా ముడులు పెంచాలి. పెంచితే పళ్ళెంలా చదునుగా పరుచుకుంటుంది. పెంచకపోతే అంచులు లోపలికి మూసుకొచ్చి గిన్నె అవుతుంది. మా పిల్లలకి ఇది నోటితో చెప్పే పని లేదు. సగం మంది ఇళ్ళల్లో చూసినవాళ్ళే, మిగిలినవాళ్ళకి వేలు పట్టుకుని వేయిస్తే వచ్చేసింది. ఆవిడకి మాత్రం నేను ఒక్కదాన్నే విడిగా నేర్పాలి. నేర్పాను. ముడి ఎలా వెయ్యాలో, దారం ఎలా పట్టాలో, చుట్టు ఎలా కలపాలో అన్నీ నేర్పాను. పెంచాలన్నది మాత్రం చెప్పలేదు.

ఆవిడ అల్లినవన్నీ గిన్నెలయ్యాయి. ఒకటి, రెండు, పది.

“ఎక్కడ తేడా వస్తోందండీ నాకు?”

“చెయ్యి బిగువండి మేడమ్ గారూ. వదులుగా పట్టాలండి. చిన్నప్పట్నించీ అలవాటుంటే తప్ప రాదండి.”

నమ్మింది. పక్కనే పిల్లల చేతుల్లో లేసులు చదునుగా పరుచుకుని ఉన్నాయి, ఒక్కటి తీసి ముడులు లెక్కపెట్టుకుంటే తెలిసిపోను. ఆవిడ చూడలేదు. పక్కవాళ్ళ పలకలోకి చూడకూడదు కదా. విప్పేది, మళ్ళీ అల్లేది. ఆవిడ వేళ్ళు కదుపుతున్నప్పుడు పెదవులు కూడా కదిలేవి. అది చూస్తూ నేను పలక మీద గుణింతాలు దిద్దేదాన్ని, ఎంతో సుఖంగా.

ఆ ఏడాది చివర ఇన్‌స్పెక్షను వచ్చింది. చేతిపని పెట్టిన బళ్ళల్లో అది నిజంగా జరుగుతోందో లేదో చూడడానికి పైనుంచి ఆఫీసరు గారు వస్తున్నారన్నారు. రికార్డులో మొదటి పేజీకి టీచరు స్వయంగా చేసిన నమూనా ఉండాలి. నేనే ఒకటి అల్లి పట్టుకెళ్ళాను. ఇంత చేసినా నాకు అంత మంచితనం మిగిలి ఉంది మరి.

ఆవిడ దాన్ని చేతిలోకి తీసుకుని వెలుగులో పెట్టి చూసింది. “ఎంత బాగుందండీ” అని నాకే తిరిగి ఇచ్చేసింది. “టీచరు స్వయంగా చెయ్యాలని ఉందండీ కాగితంలో.”

తను అల్లినదానికే గంజిపెట్టి, ఇస్త్రీ చేసి, అట్టకి చుట్టూ గుండుసూదులు గుచ్చి పరిచింది. దూరానికి చదునుగానే కనబడింది.

ఆఫీసరు గారు వచ్చిన రోజు నన్ను గదిలో వెనక గోడ దగ్గర, ఆయా పక్కన నిలబెట్టారు. బయటి మనుషులు క్లాసులో పాఠం చెప్పకూడదట. హెడ్మాష్టారు గారు ముందే బతిమాలారు, “నోరు విప్పకమ్మా, మేడమ్ ఉద్యోగం మీదికి వస్తుంది” అని. నేను విప్పను. ఎవరైనా అడిగితే మాత్రం, చెప్పేవాళ్ళు చెప్తారు కదా అనుకున్నాను. ఈ గదిలో ముప్పై మంది పిల్లలున్నారు, అందులో ఒకత్తె నా కడుపున పుట్టింది.

ఆయన పిల్లల పనులు చూసి తల ఊపుతూ వచ్చి రికార్డు తెరిచారు. “మాది పాలకొల్లండీ. లేసు నాకు తెలీనిది కాదు” అంటూ అట్ట మీది గుండుసూదులు ఒక్కొక్కటీ పీకారు. చివరి సూది రాగానే లేసు అంచులు మెల్లగా పైకి లేచాయి. ఆయన అరచేతిలో గిన్నెలా నిలబడింది.

“ఇదేంటండీ, ఇడ్లీ పెట్టుకోవడానికా?”

లెక్కల మాష్టారు గారు గట్టిగానే నవ్వారు.

“ఎవరు చేశారిది?”

“నేనేనండీ” అంది ఆవిడ.

“మీకే రానిది పిల్లలకి ఎలా వచ్చింది? ఎవరు నేర్పారు?”

ఆవిడ నావైపు తిరిగింది. చెప్పబోయింది. నేను ఇప్పటికీ ప్రమాణం చేసి చెప్పగలను, చెప్పబోయింది. హెడ్మాష్టారు గారు కళ్ళతో వద్దన్నారు. ఆఫీసరు గారు అదేం చూడకుండా ముందు వరసలో ఉన్న మా అమ్మాయిని లేపారు.

“పాపా, నీకు లేసు ఎవరు నేర్పారు?”

ఇప్పుడు గడి లేకపోయినా నా పేరు వస్తుంది.

“మా మేడమ్ గారండీ” అంది నా కూతురు.

“మరి ఇది ఇలా ఉందేం?”

అది ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. “అది తప్పు నమూనా అండీ. చుట్టు చుట్టుకీ ముడులు పెంచాలండీ. పెంచకపోతే ఇలా గిన్నె అయిపోతుందండీ. పెంచకపోతే ఏమవుతుందో చూపించడానికి మేడమ్ గారు కావాలనే అలా అల్లారండీ.”

ఆఫీసరు గారి మొహం వికసించింది. “తప్పు చేసి చూపించి ఒప్పు నేర్పడం! ఇదండీ పద్ధతంటే” అని ఇన్‌స్పెక్షను పుస్తకంలో ఏదో పొడుగ్గా రాశారు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

ఆవిడ మాత్రం ఆయన్ని చూడ్డం లేదు. నన్ను చూస్తోంది. చుట్టు చుట్టుకీ పెంచాలి అన్నది ఆవిడ వినడం అదే మొదటిసారి. ఆవిడ పెదవులు మెల్లగా కదిలాయి, లెక్కపెట్టుకుంటున్నట్టు. అంతా అర్థమైపోయిందని నాకు తెలిసింది. నేను తలొంచుకున్నాను. సిగ్గుపడ్డాను, నిజమే. కానీ ఆ సిగ్గు కింద ఇంకొకటి మండుతూనే ఉంది. నా కూతురు అంత మందిలో, అంత చకచకా, ఆవిడ కోసం అబద్ధం ఆడింది. నా కోసం నిజం కూడా చెప్పలేదు.

తరవాతి పీరియడుకి వెళ్ళాను. నా ముక్కాలిపీట మీద పలక, సుద్దముక్క ఎప్పట్లాగే ఉన్నాయి. పలక మీద కొత్త పాఠం రాసి పెట్టింది. ఆవిడ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. “కూచోండీ” అంది. నేను కూచోలేదు. ఇంట్లో పనుందని వచ్చేశాను, ఇంక వెళ్ళలేదు. మిగిలిన చదువు చాలా ఏళ్ళ తరవాత, మా ఊళ్ళో పెద్దవాళ్ళకి మధ్యాహ్నాలు పెట్టిన బళ్ళో నేర్చుకున్నాను. అక్కడి అమ్మాయి అందరినీ ‘నువ్వు’ అనేది. ప్రాణానికి హాయిగా ఉండేది.

లేసు పీరియడు మరో ఏడాది నడిచింది. తరవాత ఇంకో సర్క్యులర్ వచ్చింది. ఊరి పని అన్న మాట తీసేశారట, ఆ గడుల్లో లెక్కలు, ఇంగ్లీషు పెట్టుకోవచ్చన్నారట. లెక్కల మాష్టారు గారు ఈసారి గుమ్మంలో ఆగకుండా లోపలికే వచ్చేశారట. ఆవిడ గోడ దగ్గరికి వెళ్ళి, కాగితం చూసి, “టైంటేబుల్‌లో లేదండీ” అని పిల్లలతో చెప్పి, కుర్చీ తుడిచి, బయటికి వెళ్ళిపోయిందట. మా అమ్మాయి ఇంటికొచ్చి అన్నం తినలేదు ఆ రోజు. నేను ఎప్పుడూ కోరుకున్నది అదే, నా కూతురి చేతిలో సూది ఉండకూడదని. అయినా ఎవరో నా బడి మూసేసినట్టే అనిపించింది. ఆ ఏడే ఆవిడకి రాజమండ్రి బదిలీ అయింది.

పోయిన నెల మా అమ్మాయి నన్ను వెంటబెట్టుకుని పలకరింపుకి రాజమండ్రి తీసుకెళ్ళింది. గోదావరి గట్టుకి దగ్గర్లో రెండు గదుల ఇల్లు. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. చెల్లెలు ఒకావిడ ఉంది, అచ్చం ఆ మెత్తటి గొంతే. కాఫీ ఇస్తానంటూ లోపలికి తీసుకెళ్ళింది.

వంటింట్లోకి అడుగుపెట్టి నేను నిలబడిపోయాను. పెరుగు గిన్నె మీద, మంచినీళ్ళ గ్లాసుల మీద, పాలచెంబు మీద, పంచదార డబ్బా మీద అన్నిటి మీదా తెల్లటి లేసు గిన్నెలు బోర్లించి ఉన్నాయి. ఒక్కొక్కటీ ఆ గిన్నెకీ ఆ గ్లాసుకీ కొలిచినట్టు దిగి కూచుంది. చదునైనది వేస్తే గాలికి ఎగిరిపోతుంది. ఇవి కదలవు. ఈగ దూరదు.

“అక్క అల్లిందండీ ఇవన్నీ” అంది చెల్లెలు. “చదునుగా అల్లడం కూడా వచ్చు దానికి. అవి అల్లి వాళ్ళకీ వీళ్ళకీ ఇచ్చేసేది. ఇంట్లోకి మాత్రం ఇవే. ఇదేంటే ఇలా అంటే, నరసాపురం దగ్గర మా లేసు మేడమ్ గారు చూపించినట్టే అల్లుతున్నాను అనేది.”

లేసు మేడమ్ గారు. నన్ను.

మా అమ్మాయి నావైపు చూసింది. నేను కాఫీ గ్లాసులోకి చూశాను. ఆవిడ నన్ను క్షమించిందో, పోయేదాకా ప్రతి పూటా పెరుగు వడ్డించుకుంటూ నన్ను పొడుస్తూ ఉందో నాకు తెలియలేదు. ఇంక తెలియదు కూడా. ఒకటి మాత్రం తెలిసింది. నేను కుళ్ళుతో దాచిపెట్టినదాన్ని కూడా ఆవిడ పనికొచ్చే వస్తువు చేసుకుంది. అది తలుచుకుంటే ఆవిడ మీద నాకు మళ్ళీ కుళ్ళే పుట్టింది, ఆవిడ ఫొటోకి వేసిన దండ ఇంకా వాడిపోకముందే.

ఆ సాయంత్రమే మా ఊరు వచ్చేశాం. మా అమ్మాయి నా దగ్గర ఉండిపోయింది.

మర్నాడు పొద్దున్నే లేచి అరుగు మీద కూచుని సూదీ దారం తీశాను. పెంచకుండా అల్లుదామని. రాలేదు. నా వేళ్ళు వాటంతట అవే పెంచేస్తున్నాయి. విప్పాను. మళ్ళీ పెంచేశాను, మళ్ళీ విప్పాను. ఏడో ఏట నుంచి చేస్తున్న పని, తప్పుగా చెయ్యడానికి ఇంత కష్టమని నాకు తెలియదు. చివరికి పెదవులు కదుపుతూ ఒక్కొక్క ముడీ లెక్కపెట్టుకుంటూ అల్లాను. ఎండ మెట్టు మీదికి వచ్చేసరికి చిన్న గిన్నె ఒకటి తయారైంది. మా అమ్మాయి కోసం పెట్టిన పాలగ్లాసు మీద బోర్లించాను. సరిగ్గా కూచుంది.

అది పళ్ళు తోముకుని వచ్చి, గ్లాసు చూసి, నన్ను చూసింది.

“ఇలా అల్లడం ఎవరు నేర్పారమ్మా నీకు?”

“మీ మేడమ్ గారే” అన్నాను.